ఉత్తర ధ్రువపు మంచు – ఉప్పుటేటి ఉప్పు

ఉత్తర ధ్రువంలో మంచు కరిగితే మనకేమిటి? ఈ ప్రశ్న దేశంలో ఎవరైనా అడగవచ్చు గాని, కొల్లేటి పల్లంలో పుట్టినవాళ్లు మాత్రం అడగకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

నాది కలిదిండి. మాది వ్యవసాయ కుటుంబం. సార్వా, దాళ్వా అనే రెండు మాటల మధ్య పెరిగినదాన్ని. ఆ రెండు మాటల పక్కన ఇప్పుడు వెనామీ అనే మూడో మాట వచ్చి కూర్చుంది. మా ఊరికి ఉత్తరాన కొల్లేరు, తూర్పున ఉప్పుటేరు, దక్షిణాన బంగాళాఖాతం. ఈ మూడింటి మధ్య మా బతుకు. అటువంటి ఊరినుంచి సైన్సు చదువుకోవడానికి వచ్చిన నేను ఆర్కిటిక్ గురించి రాస్తానంటే మూడు రకాల మాటలు వినాల్సి వచ్చింది.

హాస్టలు మిత్రులు "తెల్ల ఎలుగుబంటి బొమ్మ కూడా వేస్తావా?" అని నవ్వారు. తెలిసిన పెద్దాయన ఒకరు "తాగడానికి మంచినీళ్లు లేని ఊళ్లున్న దేశానికి ధ్రువ పరిశోధన ఎందుకమ్మా, అది డబ్బున్న దేశాల సరదా" అన్నారు. మా నాన్నగారు మాత్రం అసలైన మాట అన్నారు: "ఎక్కడో మంచు కరిగితే మనకెందుకమ్మాయ్, ముందు మన మురుక్కాలవలో గుర్రపుడెక్క తీయించమను." మొదటిది వేళాకోళం, దానికి జవాబు అక్కర్లేదు. రెండో మాటకీ మూడో మాటకీ జవాబు చెప్పాలి. నాన్నగారి మాటకు చివర చెబుతాను. ఎందుకంటే అదే కష్టమైనది.

ముందు అక్కడ జరుగుతున్నదేమిటో చూద్దాం. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్నది నేల కాదు, సముద్రం. దానిమీద తేలే మంచు పలక చలికాలంలో పెరిగి ఎండాకాలంలో తరుగుతుంది. సెప్టెంబరులో అది బాగా చిక్కిపోతుంది. 1979 నుంచి ఉపగ్రహాలు ఈ పలకను క్రమం తప్పకుండా కొలుస్తున్నాయి. 1980 ప్రాంతాల్లో సెప్టెంబరు నాటికి సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో మిగిలింది 34 లక్షల కిలోమీటర్లు. మన భారతదేశం వైశాల్యం దాదాపు 33 లక్షలు. అంటే రెండు భారతదేశాలంత మంచులో ఒక భారతదేశమంత మాయమయిందన్నమాట! 2025 దాకా ఆ రికార్డు బద్దలు కాలేదు. నిజమే. అలాగని మంచు కోలుకోనూ లేదు. సెప్టెంబరు మంచు పదేళ్లకు నూటికి సుమారు 12 పాళ్ల చొప్పున తగ్గుతూనే వస్తోంది. 2025 మార్చిలో చలికాలపు మంచు కూడా, అప్పటిదాకా ఉన్న 47 ఏళ్ల లెక్కలో అతి తక్కువగా నమోదయింది.

ఇంత వేగం ఎందుకు? మన ఊళ్లల్లో డాబా మీద సున్నం కొట్టేవాళ్లను అడిగితే చెబుతారు. తెల్లటి డాబా ఎండను తిప్పికొడుతుంది, నల్లటి తారురోడ్డు మింగుతుంది. సముద్రపు మంచు తనమీద పడ్డ ఎండలో సగానికిపైగా తిరిగి ఆకాశానికి పంపుతుంది. అదే చోట మంచు పోయి నీళ్లు తేలితే, ఆ నల్లటి నీళ్లు నూటికి ఆరు పాళ్లు మాత్రమే తిప్పిపంపి మిగతాదంతా మింగేస్తాయి. మింగిన వేడి పక్కనున్న మంచును కరిగిస్తుంది. ఆ కరుగుడు ఇంకా నీళ్లను తేలుస్తుంది. ఇదొక్కటే కారణం కాదు గాని ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. 1979 నుంచి 2021 వరకు ఉన్న లెక్కలు తీసి ఫిన్లాండు శాస్త్రజ్ఞులు 2022లో తేల్చిన సంగతి ఏమంటే, ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది.

ఇక్కడ సైన్సు విద్యార్థులం ఒక పొరపాటు మాటను సరిచేయాలి. "ధ్రువపు మంచు కరిగితే సముద్రం పొంగి ఊళ్లు మునుగుతాయి" అని ఉపన్యాసాల్లో వింటుంటాం. తేలే మంచు కరిగితే సముద్రమట్టం దాదాపు పెరగదు. గ్లాసు నిండా నీళ్లు పోసి మంచుముక్క వేసి చూడండి. ముక్క కరిగిపోతుంది, నీళ్లు పొర్లవు. ఇది ఆర్కిమిడీస్ మనకు హైస్కూలులోనే చెప్పిన సంగతి. పొర్లేది ఎప్పుడంటే, గ్లాసు బయట ఉన్న మంచును తెచ్చి అందులో పోసినప్పుడు. ఆ బయటి మంచు గ్రీన్‌లాండ్ నేల మీద ఉంది. అదంతా కరిగితే ప్రపంచ సముద్రాలు ఏడు మీటర్లకు పైగా లేస్తాయి. అంతా కరగడానికి వందల వేల ఏళ్లు పడుతుంది, నిజమే. కాని కరగడం మొదలయింది. 2002 నుంచి ఉపగ్రహాలు తూకం వేసి చెబుతున్న లెక్క ప్రకారం గ్రీన్‌లాండ్ ఏటా సుమారు 27 వేల కోట్ల టన్నుల మంచును పోగొట్టుకుంటోంది.

ఆ బరువును సముద్రాలన్నిటికీ పంచితే ఏడాదికి వచ్చేది ముప్పావు మిల్లీమీటరు! గడ్డిపరక మందం. "ఇంతేనా?" అని మీరు తప్పకుండా అంటారు. మా ఊళ్లోనూ అంటారు. ఇందులో మరో చిత్రం ఉంది. గ్రీన్‌లాండ్ మీది మంచు ఎంత బరువంటే, అది తన ఆకర్షణతో చుట్టుపక్కల సముద్రాన్ని తనవైపు లాగి పట్టుకుంది. మంచు తరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. దాని పక్కన సముద్రం కిందికి దిగుతుంది, వదిలిన నీళ్లు దూరతీరాలకు పోతాయి. అంటే గ్రీన్‌లాండ్ కరిగితే గ్రీన్‌లాండ్ రేవులో నీళ్లు తగ్గుతాయి, దూరాన ఉష్ణమండలంలో ఉన్న మనవంటివాళ్ల వాటా పెరుగుతుంది. న్యూటన్ సూత్రంలో న్యాయం లేదు మరి!

ఈ గడ్డిపరక ఒక్కటే కాదు. దక్షిణ ధ్రువం, హిమానీనదాలు, వేడికి వ్యాకోచించే సముద్రజలం, అన్నీ కలుపుకుంటే 2006 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం ఏటా సగటున 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. ఐక్యరాజ్య సమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం 2021లో ఇచ్చిన నివేదిక ఇది. పొగను మనం ఎంత తగ్గిస్తామో, ఎంత పెంచుతామో అన్నదాన్ని బట్టి 2100 నాటికి సముద్రం అడుగు లోపు నుంచి మూడడుగుల పైచిలుకు దాకా లేవవచ్చునని అదే నివేదిక అంచనా.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కొల్లేరు గురించి మన ప్రాంతంలో ముప్పై ఏళ్లుగా వినబడే మాట 'కాంటూరు'. ఐదో కాంటూరా, మూడో కాంటూరా అని ఎన్నికల సభల్లో మాట్లాడతారు, టీకొట్ల దగ్గర కొట్లాడుకుంటారు. ఐదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు పేల్చారు. ఇదంతా మనకు తెలిసిన చరిత్రే. కాని కాంటూరు అంటే ఏమిటో ఎంతమంది ఆలోచించారు? ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు. మూడో కాంటూరు అంటే మూడడుగులు. పదో కాంటూరు దాకా నీళ్లు నిండితే కొల్లేరు 900 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. అంత పెద్ద సరస్సు, దాని చుట్టూ ఉన్న మన లంకలు, చేలు, చెరువులు, బడులు, గుళ్లు, అన్నీ సముద్రానికి పదడుగుల లోపు ఎత్తులో ఉన్నాయి. మనం రెండడుగుల తేడా కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం. అవతల సముద్రమేమో ఈ శతాబ్దంలోనే మూడడుగులు లేస్తానేమోనంటోంది. ఈ వాదులో ఒక కక్షిదారు పేరు మనం దావాలో రాయడమే మరిచిపోయాం. ఆ కక్షిదారు సముద్రం.

అసలు మంచుకూ మన నేలకూ సంబంధం ఇవాళ్టిది కాదు. సుమారు ఇరవై వేల ఏళ్ల క్రితం ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా ఖండాలు మైళ్ల మందం మంచుకింద ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. ఆ మంచు కరిగేకొద్దీ సముద్రం పైకి వచ్చింది. ఆరేడు వేల ఏళ్ల క్రితం ఆ పెరుగుదల నెమ్మదించేసరికి అలలు కొల్లేరు దరిదాపుల్లో కొడుతున్నాయి. ఇప్పుడు మనం కొల్లేరంటున్నది ఆనాటి కడలి అంచున మిగిలిన ఉప్పుకయ్యకు వారసురాలు. ఆ తర్వాత కృష్ణ ఒకవైపు నుంచి, గోదావరి మరోవైపు నుంచి ఒండ్రు మోసుకొచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. కలిదిండి నిలబడ్డ నేల అలా పుట్టింది. ఉత్తరాది మంచు కరిగి సముద్రాన్ని తెచ్చింది, నదులు మట్టి తెచ్చి సముద్రాన్ని పంపాయి. మన పల్లం ఈ రెంటి బేరం.

ఆ బేరం ఇప్పుడు రెండువైపులా చెడింది. ఇది దాచిపెట్టి ఆర్కిటిక్ మీదే నింద వేస్తే అది సైన్సు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కాకాని నాగేశ్వరరావు గారి బృందం 2010లో ప్రచురించిన పరిశోధన చూడండి. గోదావరి 1970 దశకంలో ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 2000-2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ 1960ల చివర 90 లక్షల టన్నులు తెచ్చేది, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు వచ్చింది. మట్టి ఏమయింది? ఆనకట్టల వెనక ఆగిపోయింది. ఆనకట్టలు వద్దని నేను అనను. అవి లేకపోతే మా ఇంట్లో అన్నం లేదు, నాకు చదువూ లేదు. కాని నది మట్టి తేవడం మానేస్తే డెల్టా నెమ్మదిగా కుంగుతుంది, తీరం కోసుకుపోతుంది. దానికి తోడు మనం బోర్లు వేసి భూగర్భజలం తోడుతున్నాం, ఉప్పునీళ్లను కోరి తెచ్చుకుని చెరువుల్లో నింపుతున్నాం. చెరువు పక్కన చేను చౌడు తేలుతుంది. చౌడు తేలిన చేనును వరి రైతు అయినకాడికి లీజుకిస్తాడు, అదీ చెరువవుతుంది. కనుక మన బావిలో ఉప్పు ఎక్కితే దానిలో గ్రీన్‌లాండ్ వాటా ఇవాళ కొంచెమే. మన వాటాయే ఎక్కువ. కాని మన వాటాను మనం దిద్దుకోవచ్చు. సముద్రం వాటా పెరిగేదే తప్ప తరిగేది కాదు. అందుకే రెండు లెక్కలూ వేరువేరుగా తెలియాలి.

రెండో సంబంధం వాన. మంచుకూ మన వానకూ ముడి ఉందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1876-78 ధాత కరువు మన దక్షిణాదిని ఊడ్చిపెట్టిన తర్వాత, వాతావరణ శాఖకు మొదటి అధిపతి అయిన బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీద మంచు ఎక్కువ పడ్డ ఏడాది మన నైరుతి బలహీనపడుతుందేమోనని అనుమానించాడు. 1882 నుంచి ఆ మంచును చూసి వానను ముందే చెప్పడానికి ప్రయత్నించాడు. ఇప్పుడు ఆ చూపు మరింత ఉత్తరానికి పోయింది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి 2021లో ఒక సంగతి బయటపెట్టారు. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో ఎండాకాలపు మంచు తగ్గినప్పుడు ఆకాశంలో పై ఎత్తున గాలుల నడక మారుతుందని, ఆ మార్పు అలలు అలలుగా ఆసియా మీదికి సాగి, సెప్టెంబరులో మధ్య భారతంలో అతివృష్టికి దారి తీసే అవకాశం ఉందని వారి వాదం. వాళ్లు కూడా 'అవకాశం' అన్నారు గాని తేల్చి చెప్పలేదు. నేనూ తేల్చి చెప్పను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీళ్లు కొల్లేరులోకి దిగి, మన లంక గ్రామాల దారులు మూసేసినప్పుడు, దానికి ఆర్కిటిక్ కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మాట అనడానికి ఆధారం లేదు. కాని సెప్టెంబరు అంటే సార్వా చేను పొట్ట మీదికొచ్చే నెల. ఆ నెలలో వాన ఎలా కురుస్తుందో ముందే చెప్పగల చిన్న ఆధారం ధ్రువంలో దొరుకుతుందేమో వెతకడం డబ్బున్న దేశాల సరదా ఎలా అవుతుంది? వాన మీద బతికే దేశానికే ఆ వెతుకులాట ఎక్కువ అవసరం.

అందుకే పెద్దాయన మాటకు నా జవాబు ఇది: మన దేశం అక్కడికి వెళ్లడం సబబే. వెళ్లింది కూడా. 1920లో పారిస్‌లో స్వాల్‌బార్డ్ ఒప్పందం కుదిరినప్పుడు బ్రిటిష్ పాలన కింద ఉన్న ఇండియా కూడా అందులో చేరింది. 2007లో మన శాస్త్రజ్ఞుల మొదటి బృందం ఆర్కిటిక్ వెళ్లింది. 2008 జూలై 1న, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, నార్వేకు చెందిన నీ-ఆలెసుండ్ అనే చిన్న ఊళ్లో 'హిమాద్రి' పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడినుంచి ధ్రువం 1200 కిలోమీటర్లు. ఒకప్పుడు బొగ్గు తవ్విన ఊరది. 1962లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయాక గని మూసేశారు. బొగ్గు తవ్విన చోటే ఇవాళ బొగ్గుపొగ ఫలితాన్ని కొలుస్తున్నారు. 2013లో ఆర్కిటిక్ మండలిలో భారత్‌కు పరిశీలక హోదా వచ్చింది. 2022 మార్చిలో మన ప్రభుత్వం ఆర్కిటిక్ విధానం ప్రకటించింది. 2023 డిసెంబరులో మొదటిసారి చలికాలపు బృందం వెళ్లింది, పగలే ఉండని రోజుల్లో కూడా కొలతలు తీయడానికి.

వీటన్నిటిలో నన్ను పట్టుకున్నది మాత్రం 2014 జూలైలో వాళ్లు సముద్రంలో దించిన ఒక యంత్రం. పేరు 'ఇండార్క్'. హిమాద్రి ముందున్న కోంగ్స్‌ఫియోర్డ్ అనే పాయలో 192 మీటర్ల లోతులో దాన్ని లంగరు వేశారు. మద్రాసులోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దాన్ని తయారుచేసింది. అది ఏం కొలుస్తుంది? నీటి వేడి, నీటి ప్రవాహం, నీటిలో ఉప్పు. ఆ పాయే ఎందుకంటే, అక్కడ ఒకవైపునుంచి హిమానీనదాలు కరిగిన మంచినీళ్లు దిగుతాయి, మరోవైపునుంచి అట్లాంటిక్ మహాసముద్రపు ఉప్పునీళ్లు ఎక్కుతాయి. ఏది ఎప్పుడు ఎంత గెలుస్తోందో చూస్తే సముద్రం మారుతున్న తీరు తెలుస్తుంది.

మిత్రులారా, ఇది చదివినప్పుడు నాకు ఉప్పుటేరు కళ్లముందు మెదిలింది. అక్కడ హిమానీనదం, ఇక్కడ బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నింపిన కొల్లేరు. అక్కడ అట్లాంటిక్, ఇక్కడ బంగాళాఖాతం. మధ్యన ఒక పాయ. కొల్లేరునుంచి సముద్రందాకా సుమారు 60 కిలోమీటర్లు వంపులు తిరుగుతూ పోయే ఉప్పుటేరులో కూడా వానాకాలం తీపినీళ్లు గెలుస్తాయి, ఎండాకాలం ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి. అమావాస్యకూ పున్నానికీ పోటు ఎక్కువ, అష్టమినాటికి మందగింపు. మన దేశం 79 డిగ్రీల ఉత్తరాన ఒక పాయలో ఉప్పు కొలవగలిగింది. ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. మరి మన ఉప్పుటేరులో పదేళ్ల క్రితం ఇదే నెలలో పున్నమి పోటుకు ఉప్పు ఎంత దూరం ఎక్కిందని అడిగితే, అంకె చెప్పగలవాళ్లు మా ఊళ్లో నాకు కనబడలేదు. "అప్పుడింత లేదమ్మా" అంటారు అందరూ. ఆ మాట నిజమే కావచ్చు. కాని "అప్పుడింత లేదు" అన్నది సాక్ష్యమే గాని కొలత కాదు. అధికారి దగ్గరకు పోయి అడిగేటప్పుడు, నష్టపరిహారం కోరేటప్పుడు, రెగ్యులేటరు ఎక్కడ కట్టాలో తేల్చేటప్పుడు కొలతే నిలబడుతుంది.

తమాషా ఏమిటంటే కొలిచే పనిముటు మన దగ్గర లేక కాదు. రొయ్యల చెరువున్న ప్రతి రైతు సెలినిటీ ఎంతో తెలియకుండా పిల్ల వదలడు. జేబులో పట్టే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది, ప్రతి సెంటరులో ఆక్వా ల్యాబు ఉంటుంది. ఆ అంకెలు చెరువు గట్టు మీద పుడతాయి, పట్టుబడి అయిపోగానే చచ్చిపోతాయి. వాటిని ఒకే చోట, ఒకే వేళకు, ఒకే పుస్తకంలో ఏళ్లతరబడి రాసిపెట్టే చెయ్యి కావాలి. అంతే.

ఏళ్లతరబడి అన్నమాట నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఆర్కిటిక్ చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు 1996లో ఒక మండలి పెట్టుకుని శత్రుత్వాలు పక్కనపెట్టి పరిశోధన సాగించాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. వెంటనే మిగతా ఏడు దేశాలు రష్యాతో కలిసి పనిచేయడం ఆపాయి. ఆర్కిటిక్ తీరంలో సగం రష్యాది. అక్కడి పరిశోధన కేంద్రాల లెక్కలు పాశ్చాత్య శాస్త్రజ్ఞులకు చాలావరకు అందకుండా పోయాయి. సగం పటం చీకటైంది! మంచుకింద ఉన్న చమురు, గ్యాసు మీద కొందరి కన్ను, మంచు కరిగితే తెరుచుకునే ఓడదారి మీద మరికొందరి కన్ను. 2025లో అమెరికా అధ్యక్షుడు గ్రీన్‌లాండ్ మాకే కావాలని బహిరంగంగా అన్నాడు. ఆ గొడవలో మన వ్యాపార లాభం ఎంతో లెక్కలు వేసేవారు మనవాళ్లలోనూ ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే: ఆ మంచు కింద ఏముందో గాని, మంచు మంచుగా ఉండటంలోనే కొల్లేటి రైతు లాభం ఉంది. ఇక శాస్త్రం విషయానికొస్తే, తెగిపోయిన లెక్కను తర్వాత ఎంత డబ్బు పోసినా అతకలేం. 2022లో తీయని కొలతను 2032లో తీయలేం. ఉప్పుటేరులో నిన్న తీయని కొలత కూడా అంతే.

కనుక ఈ సంచిక ద్వారా విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ, పూర్వవిద్యార్థులకూ నేను పెట్టే ప్రతిపాదన ఇది. మన కళాశాల తరఫున ఉప్పుటేరు మీద రెండు స్థలాలు ఎంచుకుందాం. ఒకటి కొల్లేరు వైపు ఆకివీడు వంతెన, రెండోది సముద్రం వైపు లోసరి వంతెన. అమావాస్య, పున్నమి, రెండు అష్టములు, నెలకు నాలుగు రోజులు. ఆ రోజుల్లో పోటు నిండినప్పుడు ఒకసారి, పాటు తీసినప్పుడు ఒకసారి నీటి ఉప్పు, వేడి, మట్టం కొలుద్దాం. కెమిస్ట్రీ వాళ్లు మీటర్లు సరిచూడాలి. ఫిజిక్స్ వాళ్లు మట్టం చూసుకోవాలి. జువాలజీ వాళ్లు ఏ చేప ఎంతదాకా వస్తోందో రాయాలి. తెలుగు శాఖవాళ్లు ఊరూరా పెద్దవాళ్ల జ్ఞాపకాలు రాసుకోవాలి, ఎందుకంటే పాత కొలతలు లేనిచోట పాత మాటలే ఆధారం. సీనియర్లు పోతూ పోతూ ఆ పుస్తకం జూనియర్ల చేతిలో పెట్టాలి. ఏడాదికొకసారి ఈ సావనీర్‌లోనే ఒక పేజీ ఆ అంకెలకు ఇవ్వాలి. దీనికయ్యే ఖర్చు యూనియన్ డే నాడు మైకుసెట్టుకూ లైటింగుకూ అయ్యేదానిలో ఓ మూలకు రాదు.

"మీరు కొలిస్తే సముద్రం ఆగుతుందా?" అని అడిగేవాళ్లుంటారు. ఆగదు. కాని ఏ ఊరి చేలు ముందు చౌడుబారతాయో, ఎక్కడ వరికి కాలం చెల్లిందో, ఎక్కడ ఇంకా నిలబెట్టుకోవచ్చో తెలుస్తుంది. ఉప్పులో మన చెరువుల వాటా ఎంతో, సముద్రం వాటా ఎంతో విడదీసి చెప్పే రోజు వస్తుంది. అప్పుడు వరి రైతూ చెరువు రైతూ ఒకరినొకరు తిట్టుకోవడం కొంతైనా తగ్గుతుంది.

ఇక నాన్నగారి గుర్రపుడెక్క. మురుక్కాలవ ఎలా పారుతుంది? చేలోని నీటిమట్టానికీ సముద్రమట్టానికీ ఉన్న తేడా వల్ల పారుతుంది. మా పల్లంలో ఆ తేడా అడుగుల్లోనే ఉంది. అందులో కొంత గుర్రపుడెక్క తినేస్తోంది, కొంత పూడిక తినేస్తోంది. ఇకమీదట కొంత సముద్రం తినబోతోంది. తేడా తగ్గేకొద్దీ వాన నీళ్లు చేలో నిలిచే రోజులు పెరుగుతాయి, సార్వా కుళ్లుతుంది. కనుక డెక్క తీయించమనే రైతూ, గ్రీన్‌లాండ్ మంచును తూచే శాస్త్రజ్ఞుడూ ఒకే కాలవ రెండు కొసల దగ్గర నిలబడ్డ మనుషులే. నాన్నగారు అన్నట్టు డెక్క ముందు తీయాలి. అది ఈ ఏడాది పని. కాని సముద్రంవైపు కన్నేసి ఉంచకపోతే, డెక్క తీసిన కాలవలో నీళ్లు ఏవైపు పారతాయో మా పిల్లల నాటికి చెప్పలేం.

వచ్చే పున్నానికి ఆకివీడు వంతెన దగ్గర కొలత తీయడానికి మా క్లాసు నుంచి ఐదుగురం సిద్ధంగా ఉన్నాం. ఒక మంచి థర్మామీటరు, ఒక రిఫ్రాక్టోమీటరు, గట్టి అట్ట వేసిన ఒక రిజిస్టరు కావాలి. రిజిస్టరు మేమే కొనుక్కుంటాం. మిగతా రెండూ ఇవ్వగల అధ్యాపకులు గాని, పూర్వవిద్యార్థులు గాని యూనియన్ ఆఫీసులో చెప్పవలసిందిగా మనవి.